సారూ, వాళ్ళమ్మాయీ, ఆ పడవా

నిన్న పొద్దున మదనపల్లెలో బస్సు దిగి టమాటా మార్కెట్టు పక్కగా నడుస్తున్నాను. ఆగి ఉన్న లారీ మీది టార్పాలిన్ మూల ఒకటి ఊడి గాలికి టపటపా కొట్టుకుంటోంది. హార్స్లీ హిల్స్ వైపు నుంచి చలిగాలి గట్టిగా దిగుతోంది. శాలువా సర్దుకోబోయిన నా చెయ్యి ఆ పని మానేసి, కనపడని తాడు ఒకదాన్ని ఒడిసి పట్టుకున్నట్టు గాల్లోనే బిగుసుకుంది. తెరచాప అలా కొట్టుకుంటోందంటే గాలి వృథాగా పోతోందని అర్థం, తాడు లాగాలి. "అమ్మాయ్, చాప మొత్తుకుంటా ఉంది, వినపళ్ళా?" అని వెనకనుంచి ఎవరో అరిచినట్టే అనిపించింది. అలా అరిచే మనిషి పోయి చాలా ఏళ్ళయింది. డ్రైవరు నిద్రమొహంతో దిగివచ్చి టార్పాలిన్ బిగించి కట్టేదాకా నేను అక్కడే నిలబడ్డాను. తరవాత రోజంతా మనసు పద్మనాభం సార్ చుట్టూ, ఆయన కూతురు మాధవి చుట్టూ తిరిగింది. నిజం చెప్పాలంటే కూతురి చుట్టూనే ఎక్కువ తిరిగింది. సార్‌ని తలుచుకున్నప్పుడల్లా నాకు అలాగే జరుగుతుంది.

తొంభైల మధ్యలో పుంగనూరులో నేను బ్యాంకు గుమాస్తాగా చేరిన కొత్తలో ఆయన మాకు మేనేజరుగా వచ్చారు. అంతకుముందు చాలా ఏళ్ళు నేవీలో పనిచేశారు. పుట్టింది నెల్లూరు తీరంలో, ఒక జాలర్ల పాలెం పక్క ఊళ్ళో. పొట్టి మనిషి. మెడ వెనక భాగం ఎండకు కమిలి నల్లగా, గీతలు గీతలుగా ఉండేది. నడుస్తుంటే కాళ్ళు కాస్త ఎడంగా పడేవి, నేల ఎప్పుడైనా ఊగుతుందేమోనని అనుమానం ఉన్నట్టు. మాది సదుం వైపు పల్లె. గొర్రెలూ, కాస్త వేరుశనగా. మా ఇంటి నుంచి ఉద్యోగానికి వచ్చిన మొదటి ఆడపిల్లను నేను. కౌంటర్లో కూర్చున్నానే గాని ఎదుటి మనిషి గట్టిగా తుమ్మితే లేచి నిలబడేదాన్ని.

ఒకరోజు పెద్దపంజాణి నుంచి ఒక పెద్ద రైతు వచ్చి, నన్ను చూసి, నేరుగా సార్ గది గుమ్మంలోకి వెళ్ళాడు. "ఆడబిడ్డతో ఏం మాట్లాడేది సార్, మీరే సూడండప్పా," అన్నాడు. సార్ తల కూడా ఎత్తలేదు. "ఆ పని ఆ అమ్మాయిది. ఆమె చెయ్యకపోతే నా చేత కూడా కాదు. పోయి ఆమె ముందు కూర్చోండి," అన్నారు. ఆయన గొణుక్కుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నేను ఏదో చెప్పాను, ఆయనకు వినపడలేదు. సాయంత్రం సార్ నన్ను పిలిచారు. "నువ్వు చెప్పేది నిజమే గదా అమ్మాయ్, మరి ఎవరికీ వినపడకుండా చెప్పడం ఎందుకు?" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. ఆ సాయంత్రం నుంచి ఆయన నోటి నుంచి నా గురించి 'బాగుంది' అనే ఒక్క మాట రప్పించుకోవడమే నా ఉద్యోగమైపోయింది. మిగతావన్నీ దాని పక్కన చేసే చిల్లర పనులు.

ఆయనకొక పడవ ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు. చూసినవాళ్ళు లేరు. తుఫాన్ల భయం తగ్గి చలి కుదురుకున్నాక, ఎండలు ముదిరేలోపు, వీలైన ప్రతి శనివారం మధ్యాహ్నం బ్యాంకు మూసీ మూయగానే బస్సెక్కి తిరుపతి మీదుగా నెల్లూరు వెళ్ళి, అక్కణ్ణుంచి పాలేనికి చేరేవారు. "సముద్రం మనిషి మాట వినేది ఈ చలికాలంలోనే," అనేవారు. ఆ ఏడాది జనవరిలో స్టాఫంతా ఒక వ్యాను మాట్లాడుకుని కుటుంబాలతో సహా ఆ పడవ చూడటానికి వెళ్ళాం. నేను సముద్రం చూడటం అదే మొదలు. బోరు మీద బోరు వేసి అన్నీ ఎండిపోయిన ఊరి పిల్లని. అన్ని నీళ్ళు ఎవరికీ అక్కర లేనట్టు అలా పడి ఉండటం చూసి మొదట నాకు కోపమే వచ్చింది. ఈ తీరం వాళ్ళు ఏం పుణ్యం చేసుకున్నారని వీళ్ళకిన్ని నీళ్ళు అనుకున్నాను.

పడవ అంటే నేను ఊహించుకున్నది వేరు. ఇసుకలో కొబ్బరాకుల పాక కింద రెండు సన్నటి తొట్లలాంటివి పక్కపక్కనే ఉన్నాయి. ఫైబర్‌వి. వాటిని రెండు అడ్డకమ్మీలతో కలిపి, మధ్యన మంచానికి నవారు అల్లినట్టు గట్టి గుడ్డ లాగి కట్టారు. ఒక స్తంభం, ఒక తెరచాప, వెనక రెండు చుక్కానులు. మద్రాసులో ఎవరో పనికిరాదని పారేయబోతుంటే తెచ్చుకుని, పగుళ్ళన్నీ తన చేత్తోనే పూడ్చుకున్నారట. "దీన్ని దొరలు కెటమరాన్ అంటారు. ఆ పేరు మన తీరం నుంచే ఎత్తుకుపోయారు. ఇదిగో ఈ కోటయ్య వాళ్ళు వేటకు పోయే తెప్ప ఉంది చూడండి, నాలుగు దుంగలు కట్టింది, అరవంలో దాన్నే కట్టుమరం అంటారు," అని సార్ చెబుతుంటే, పడవకు కాపలా ఉండే కోటయ్య నవ్వుతూ తల ఊపాడు. పొద్దున్నే చల్లటి గాలి. ఇసుక పాదాలకు మంచులా తగులుతోంది. అందరం దుప్పట్లు కప్పుకుని నిలబడి ఉంటే, వాళ్ళమ్మ పక్కనుంచి లేచి మాధవి పడవ దగ్గరికి నడిచింది.

మాధవి అప్పుడు మదనపల్లెలో ఇంటర్ చదువుతోంది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. పొడుగ్గా, నీలిరంగు విండ్‌చీటర్‌లో ఉంది. సార్ ఆమెకు లైఫ్ జాకెట్ తొడిగి, ముందుభాగంలో పట్టీలు ఒక్కొక్కటే లాగి బిగించి, ఆఖరుదాన్ని గడ్డం కింద ముడివేసి, "ఊపిరాడతా ఉందా నాన్నా?" అని అడిగారు. ఆ పిల్ల తల ఊపింది, అంతే. ఆయన గొంతులో అంత మెత్తదనం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మా నాన్న రెడ్డెప్ప చెడ్డవాడు కాదు. బావుల్లో ఇంకా నీళ్ళున్న రోజుల్లో నడుముకు బెండు కట్టి నాకు ఈత నేర్పింది ఆయనే. కానీ ఆయన నన్ను నీళ్ళలోకి తోసి గట్టు మీద బీడీ ముట్టించుకునేవాడు. ఊపిరాడుతోందా అని ఎవరూ అడగలేదు. తండ్రీ కూతుళ్ళు పడవను చెరో పక్క పట్టుకుని నీళ్ళలోకి నడిపించారు. నడుము లోతులో, ముక్కు అలలకేసి తిప్పి, కాసేపు ఆగారు. పెద్ద అలలు వరసగా వచ్చిపోయి సముద్రం ఒక గుక్క ఊపిరి తీసుకున్నట్టు నెమ్మదించగానే సార్ ఒక్క మాట అన్నారు, ఇద్దరూ ఒకేసారి ఎగిరి కూర్చున్నారు. చాప నిండింది. చూస్తుండగానే చిన్నదైపోయింది పడవ. మాధవి ముందు కూర్చుని కదలకుండా, మెడ నిటారుగా పెట్టుకుని ఉంది. మహారాణిలా ఉంది అన్నారెవరో. నాకు మాత్రం ఆ పిల్లను అక్కణ్ణుంచి లాగేసి ఆ చోట కూర్చోవాలనిపించింది.

స్టాఫులో ఒక్కొక్కరినీ కాసేపు తిప్పుతానన్నారు సార్. చాలామంది వద్దన్నారు. నేను చున్నీ నడుముకు కట్టుకుని ముందుకొచ్చాను. ఎలా ఎక్కానో తెలియదు, అల ఒకటి మొహాన కొట్టి ఉప్పునీళ్ళు మింగించింది, తరవాత ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. ఇంజను లేదు, తెడ్డు లేదు, గాలే లాక్కుపోతోంది. కింద నీళ్ళు సన్నగా ఈలలా చప్పుడు చేస్తున్నాయి. తిరిగొచ్చాక, "సార్, ఇది నేర్చుకుంటాను," అన్నాను, అందరికీ వినపడేలా. ఆయన నా మొహంలోకి చూసి, "వచ్చే ఆదివారం చలిలో నాలుగు గంటలకు లేవగలవా?" అన్నారు. లేవగలను అన్నాను.

ఆ తరవాత వాళ్ళ కుటుంబం పాలేనికి వెళ్ళినప్పుడల్లా నేనూ వెళ్ళేదాన్ని. సార్ భార్య లలితమ్మగారు నన్ను తన పక్కనే పడుకోబెట్టుకునేవారు. ఊళ్ళో విషయం తెలిసి అమ్మ ఏడ్చింది. నాన్న గొర్రెల దొడ్డి దగ్గర కంబళి కప్పుకుని కూర్చుని అంతా విన్నాడు.

"నీళ్ళే లేని ఊర్లో పుట్టి నీకు సముద్రంలో ఏం పనుండాదిమ్మా?" అన్నాడు.

"సార్ నేర్పిస్తాండారు నాన్నా. సార్ వాళ్ళ కూతురు కూడా వస్తాది. సార్ సెప్పేది ఏమంటే..."

"ఊరికొస్తే సాలు, ఆయప్ప మాటలే సెప్తాండావు," అని మధ్యలోనే ఆపాడు. "మా మాట ఒగటన్నా ఆడ సెప్తావా?"

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. మూతి ముడుచుకుని గొర్రెపిల్లను అటు తోశాడు. ఆయనకు కోపమని అనుకున్నాను అప్పుడు. కోపం కాదది. నాకు మాధవి మీద ఉన్నదే ఆయనకు సార్ మీద ఉందని, అదే జబ్బు నాలోనూ ఉండి కూడా గుర్తుపట్టలేకపోయాను. అయినా పొమ్మనే అన్నాడు. "ఈత మర్సిపోలేదు కదా?" అని మాత్రం అడిగాడు.

సార్ నేర్పే పద్ధతి దారుణంగా ఉండేది. ఒడ్డున ఎంత నెమ్మదస్తుడో నీళ్ళలో అంత గయ్యాళి. "అలకు వీపు చూపిస్తావా! రేపు నీ వీపు ఉండదు!" "తాడు చేతికి చుట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి, వేళ్ళు ఎక్కువయ్యాయా?" "చుక్కాని ఇప్పుడే దించితే ఇసుకలో విరగదా? అలలు దాటనీ, లోతు రానీ!" పాలెం ఆడవాళ్ళు చేపలు ఆరబెడుతూ నన్ను చూసి జాలిపడేవాళ్ళు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి ముడి విప్పలేకపోతే, ఆయన సాయం చేయకుండా పక్కనే చేతులు కట్టుకుని నిలబడేవారు. మాధవి తాడు తప్పుగా లాగితే మాత్రం ఏమీ అనేవారు కాదు. తనే ఇటు వంగి సరిచేసి, "పర్లేదు నాన్నా," అనేవారు. తిట్లు తిన్న ప్రతిసారీ నాకు ఆ 'పర్లేదు' గుర్తొచ్చేది. ఆ పిల్లకు అన్నీ పుట్టుకతోనే వచ్చాయి, తండ్రీ, పడవా, సముద్రమూ. నేను ఒక్కొక్కటీ తిట్లు తిని సంపాదించుకోవాలి. మధ్యాహ్నం లలితమ్మగారి ఫ్లాస్కులో కాఫీ తాగుతూ మాధవి నాతో చనువుగా, "సుగుణక్కా, నీ చేతులు చూడు, ఎలా కాయలు కాశాయో," అని నా అరచెయ్యి పట్టుకుని చూసేది. వెనక్కి లాక్కునేదాన్ని. నా మీద ఆ పిల్లకు జాలని నా నమ్మకం.

రెండు చలికాలాలు గడిచి మూడోది చివరికొచ్చిన ఫిబ్రవరిలో ఆ రోజు వచ్చింది. అంతకు వారం ముందు సార్ పుంగనూరు బజార్లో స్కూటరు మీద నుంచి పడ్డారు. కుడి భుజం కదలదు, చెయ్యి మెడకు వేలాడగట్టుకుని ఉన్నారు. అయినా పాలేనికి బయల్దేరారు. ఒడ్డున పడవ సిద్ధం చేయించి, "ఈసారి మీరిద్దరే పోయి రండి. చుక్కాని మాధవి. చాప సుగుణ," అన్నారు. నా చెవుల్లో వేడి పుట్టింది. మూడు చలికాలాలుగా అలలకు ఎదురొడ్డింది నేను. చేతులు కాయలు కాసింది నావి. అడిగేయాలనిపించింది. "ఆ పిల్లకు ఇష్టమో కాదో ఒకసారి అడిగారా?" అన్నారు లలితమ్మగారు, ఆమెకు సహజమైన చిన్న గొంతుతో. "దానికేం, చిన్నప్పటి నుంచి ఎక్కుతా ఉంది," అన్నారు సార్. మాధవి జాకెట్ తొడుక్కుంది.

ఈశాన్యం నుంచి గాలి అప్పుడప్పుడే ముదురుతోంది. పడవను నడుము లోతుకు నడిపించి, ముక్కు అలలకు పెట్టి, పెద్దవి వరసగా పోయేదాకా ఆగి, ఎగిరి కూర్చున్నాం. తెల్లటి నురగ వరసలు దాటాం. "చుక్కానులు దించు," అన్నాను. వెనక్కి తిరిగి చూస్తే మాధవి రెండు చేతులతో అడ్డకమ్మీని కావిలించుకుని ఉంది. పెదాలు తెల్లబడ్డాయి.

"నాకు చేతులు రావడం లేదక్కా."

"ఏమైంది? ఎప్పుడూ వచ్చేదానివే కదా?"

"ఎప్పుడూ భయమే. ముందు కూర్చున్నప్పుడు కళ్ళు మూసుకుని ఉంటాను. నాన్న వెనక ఉంటారు కదా, ఆయనకు కనపడదు."

నేను తాడు పంటితో పట్టుకుని వెనక్కి పాకి చుక్కానులు నేనే దించాను. పడవ కుదురుకుంది. ఆ పిల్ల ఏడుస్తూ మాట్లాడుతూనే ఉంది, ఎన్నో ఏళ్ళుగా మూసిపెట్టుకున్నది ఒక్కసారిగా తెరుచుకున్నట్టు. "ఇంట్లో అన్నం దగ్గర కూర్చుంటే నీ మాటలే. సుగుణ అలను ఎట్ట కనిపెట్టింది, సుగుణ ఎట్ట దూకింది. నాకు నువ్వంటే ఎంత కోపమో తెలుసా? నిన్ను తిడతారు. నన్ను ఒక్కసారైనా తిట్టారా? పనికొస్తారనుకున్న వాళ్ళనే కదక్కా తిడతారు!"

ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు. ఒళ్ళంతా పాకిన సంతోషం. ఆయన నా గురించి ఇంట్లో మాట్లాడతారు! ఇంకొకసారి చెప్పమని అడగబోయాను కూడా. ఆ సంతోషంలో గాలిని మరిచిపోయాను. పెద్ద విసురు ఒకటి వచ్చి చాపను కొట్టింది. తాడు వదలాల్సింది, పళ్ళు బిగించి అలాగే పట్టుకున్నాను. ఒక పక్క తొట్టి గాల్లోకి లేచింది, రెండోది ముక్కు నీళ్ళలో దూర్చింది, మేమిద్దరం విసిరేసినట్టు సముద్రంలో పడ్డాం.

పైకి తేలేసరికి పడవ పక్కకు ఒరిగి, చాప నీళ్ళ మీద పరుచుకుని ఉంది. మాధవి జాకెట్ పట్టుకుని తేలుతూ దగ్గుతోంది. ఆమెను లాక్కొచ్చి కింది తొట్టిని పట్టించాను. బోల్తా పడ్డ పడవను నిలబెట్టడం సార్ నాకు చాలాసార్లు చేయించారు. పై తొట్టి మీదుగా తాడు వేసి, కింది తొట్టి మీద నిలబడి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగాలి. ఒక్కదాన్నే లాగాను. స్తంభం కాస్త లేచి మళ్ళీ పడిపోయింది. నా బరువు చాలదు.

"మాధవీ, నువ్వు పైకి రావాలి."

"రాలేనక్కా."

"రాకుంటే ఈడనే ఉంటాం ఇద్దరమూ! లెయ్!" అని అరిచాను. సార్ అరిచినట్టే అరిచాను. నా నోట్లోంచి ఆయన గొంతే వచ్చింది.

ఆ పిల్ల లేచింది. వణుకుతూ నా వెనక నిలబడి, నా నడుము చుట్టూ చేతులు వేసి, నాతోపాటే వెనక్కి వాలింది. చాప కిందికి గాలి దూరింది. స్తంభం నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఆకాశానికి తిరిగింది. పడవ ధబ్బుమని నిలబడింది. పాకి ఎక్కి, పడుకుని ఊపిరి తీసుకున్నాం. "నాన్నకు చెప్పొద్దక్కా," అంది మాధవి. చుక్కాని నేనే పట్టి ఒడ్డుకు తిప్పాను. అలల్లోంచి లోపలికి రావడం పోవడం కంటే కష్టం. పడవ అడ్డం తిరిగిందా, మళ్ళీ పల్టీనే. తోక మీదికి వచ్చే ప్రతి అలనూ భుజం మీదుగా చూసుకుంటూ, నిటారుగా నిలుపుకుంటూ వచ్చాను. లోతు తగ్గగానే చుక్కానులు లేపి, చాప వదిలేసి, నీళ్ళలోకి దూకి ముక్కు పట్టుకున్నాను.

సార్ అప్పటికే గుండె లోతు నీళ్ళలో ఉన్నారు. కట్టు ఊడి మెడ నుంచి వేలాడుతోంది. అలలు ఆ భుజానికే కొడుతున్నాయి. నా వైపే వస్తున్నారు. నన్ను చేరారు. నన్ను దాటి వెళ్ళిపోయారు. పడవ మీద ముడుచుకున్న మాధవిని ఎడమ చేత్తో దించుకుని, ఛాతీకి హత్తుకుని, "నాన్నా, నాన్నా," అంటూ ఒడ్డుకు నడిపించుకుపోయారు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. పడవను పట్టుకుని ఎవరో ఒకరు నిలబడాలి, లేకపోతే అల దాన్ని ఒడ్డుకేసి కొడుతుంది. నేను నిలబడ్డాను. ప్రతి అలా నన్ను ఎత్తి దించుతోంది. ఒడ్డున వాళ్ళు ముగ్గురూ ఒకే తువాలులో చుట్టుకున్నట్టు దగ్గరగా ఉన్నారు. సముద్రంలో వెయ్యని చలి నాకు అప్పుడు వేసింది. జీవితంలో ఎవరి మీదా అంత కుళ్ళుకోలేదు నేను, ఆ తరవాత కూడా.

కోటయ్య పరుగున వచ్చి సాయం పట్టాక పడవను పాక కిందికి చేర్చాం. చాలాసేపటికి సార్ నా దగ్గరికి వచ్చారు. "ఇసుక తగలకముందే చుక్కానులు లేపావు. బాగుంది," అన్నారు. అంటే ఎవరు నడిపారో ఒడ్డున నిలబడే చూశారన్నమాట. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మూడేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. చెవిన పడింది, అంతకంటే ఏమీ జరగలేదు.

మరుసటి చలికాలం నుంచి మాధవి రాలేదు. సార్ కారణం చెప్పలేదు, నేను అడగలేదు. ఆమె చోట నేను కూర్చున్నాను. కావాలనుకున్నది చేతికొచ్చింది. కానీ అలలు దాటి గాలి కుదిరాక, సార్ ఎప్పుడూ ఒకసారి తల తిప్పి ఒడ్డు వైపు చూసేవారు, లలితమ్మగారు ఒక్కరే కూర్చున్న చోటికి. ఆ చూపు చాలు నాకు ఆ పూట చేదెక్కడానికి. రాని మనిషి మీద కూడా ఏడవగలనని అప్పుడు తెలిసింది. నాకు ప్రమోషన్ వచ్చింది, మదనపల్లె మారాను, పెళ్ళయింది. సార్‌కి కుప్పం బదిలీ అయింది. భుజం మళ్ళీ పూర్తిగా బాగుపడలేదు. పడవను పాలెం వాళ్ళకే వదిలేశారు. రిటైరయ్యాక కూడా కుప్పంలోనే, రైలు కూత వినపడే చోట ఇల్లు తీసుకుని ఉండిపోయారు.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక డిసెంబరులో ఆయన్ని చూడటానికి కుప్పం వెళ్ళాను. పక్షవాతం ఒకసారి వచ్చిపోయింది. మాట కాస్త ముద్దగా ఉంది, మనసు మాత్రం తేటగానే ఉంది. వాకిట్లో ఎండలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఆఫీసు సంగతులన్నీ అయిపోయాక, ఎందుకు అడిగానో తెలియదు, అడిగేశాను.

"ఆ రోజు మీరు నన్ను దాటుకుని పోయారు సార్."

ఏ రోజని ఆయన అడగలేదు. "నువ్వు పడవ పట్టుకుని నిలబడున్నావు. నిన్ను పట్టుకోవాల్సిన పని లేదు గదా అమ్మాయ్."

"ఉండింది సార్," అన్నాను.

వీధిలో పాలవాడి సైకిలు గంట వినిపించి దూరమైంది. "తెలవదు నాకు," అన్నారు చివరికి. "తెలిసినా అటే పోయుండేవాణ్ణి. కూతురు గదా." తరవాత, "దానికి ఇష్టం లేదని కూడా తెలవదు నాకు. మీ ఇద్దరి విషయంలోనూ నేను సరిగ్గా చూడలేదు," అన్నారు. నన్ను ఊరడించడానికి ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు. నువ్వూ నా కూతురి లాంటిదానివే అని అందరూ అనే మాట అని ఉండొచ్చు. అనలేదు. ఇంటికి వచ్చే బస్సులో ఏడ్చాను. కానీ ఆయన మీద గౌరవం ఆ రోజు పెరిగిందే గాని తగ్గలేదు.

ఆ తరవాత కొన్నేళ్ళకు ఆయన పోయారు. పెద్దకర్మ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మాధవి నన్ను వెనక వరండాలోకి తీసుకెళ్ళింది. బెంగళూరులో మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తోంది అప్పటికి. జుట్టులో అక్కడక్కడా తెల్లటి పోచలు. నన్ను కూర్చోబెట్టి, తను గోడకు ఆనుకుని నిలబడింది.

"నీకొకటి చెప్పాలక్కా. చివరి నెలల్లో నాన్నకు మనుషులు కలిసిపోయారు, ఎవరు ఎవరో తెలిసేది కాదు. సెలవు పెట్టి ఆయన దగ్గరే ఉన్నాను, అన్నం పెట్టేదాన్ని, ఒళ్ళు తుడిచేదాన్ని. నన్ను మాధవీ అని పిలవలేదు. సుగుణా అనే పిలిచారు. 'సుగుణా, గాలి ఎటుంది చూడు' అనేవారు. కాదు నాన్నా, నేను మాధవిని అని రోజూ చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు చెప్పడం మానేశాను. ఈశాన్యం సార్ అనేదాన్ని. అప్పుడు నిద్రపోయేవారు."

ఆమె ఏడవకుండా చెప్పింది. నాలో ఆ పాత సంతోషం, పడవ మీద కలిగినదే, మళ్ళీ లేచింది. దాన్ని అణుచుకోలేకపోయాను. ఆమె అది చూసిందని కూడా నాకు తెలుసు. నా దగ్గర ఆమెకు ఇవ్వగలిగింది ఒకటే ఉంది.

"నీకు గుర్తుందా, మనం బోల్తా పడిన రోజు?" అన్నాను. "మీ నాన్న నీళ్ళలోకి వచ్చింది గుర్తుందా?"

"నాకేం గుర్తుందక్కా? కళ్ళు మూసుకునే ఉన్నాను."

"నేను ముందు నిలబడుండాను మాధవీ. చెయ్యి చాపితే అందేంత దగ్గర. నన్ను చూడనన్నా లేదు. దెబ్బతిన్న భుజంతో అలలన్నీ తింటూ నన్ను దాటి నీ దగ్గరికి వచ్చారు. ఆయన మొహం నేను చూశాను, నువ్వు చూడలేదు. అట్లాంటి మొహం ఎవరికీ నేను మళ్ళీ చూడలేదు."

మాధవి నెమ్మదిగా గోడ వెంట జారి నేల మీద కూర్చుంది. "నిజంగానా?" అంది. "నిన్ను దాటి వచ్చారా?" మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆయన ఎంత లోతులో ఉన్నారు, ఏం అన్నారు, ఏ చేత్తో దించారు, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ నా కడుపు మండుతూనే ఉంది. అయినా చెప్పడం ఆపలేదు.

అప్పటి నుంచి చలికాలం మొదలైతే మా ఇద్దరి మధ్యా ఫోన్లు మొదలవుతాయి. నేను మదనపల్లె నుంచి, తను బెంగళూరు నుంచి. "నీ దగ్గర ఉన్నది ఒకటి చెప్పు," అంటుంది. ఆఫీసులో ఆయన అన్న మాట ఏదో, నన్ను తిట్టిన తిట్టు ఏదో చెబుతాను. తరవాత తను చెబుతుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆయన పాడిన పాట, స్కూలు ఎగ్గొట్టిందని తెలిసి కూడా వాళ్ళమ్మకు చెప్పకపోవడం, నాకు ఎన్నటికీ దక్కనివి. ఫోను పెట్టేశాక ఆ పూటంతా నాకు అన్నం సయించదు. ఆ పిల్లకూ అలాగే ఉంటుందని తనే ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఆయన నాకు ఇచ్చిపోయిన వాటిలో గట్టి గొంతు ఒకటైతే, ఈ అసూయ ఇంకొకటి. రెండూ బాగానే పనిచేస్తున్నాయి. అది చల్లారకముందే నేనే మళ్ళీ ఫోను తీసి, "ఇంకొకటి చెప్పు మాధవీ," అంటాను.